నాలుగో నంబరు మైకు

పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో ఎవరింటికి వెళ్ళినా జీవరాజు ముందు చెప్పులు విప్పుతాడు, తరువాత ఒకే ఒక్కసారి గట్టిగా చప్పట్లు చరుస్తాడు. పెళ్ళివారిల్లయినా అంతే, పరామర్శకు వెళ్ళిన ఇల్లయినా అంతే. ఆ చప్పుడు గోడలకు తగిలి ఎలా తిరిగొస్తుందో విని, తల పంకించి, అప్పుడు కూర్చుంటాడు. కొత్తవాళ్ళు బిత్తరపోతారు. పాతవాళ్ళు మాత్రం "గది పాసయిందా భయ్యా?" అని అడిగి, కాఫీ కలపడానికి లేస్తారు.

ఆయన తండ్రి భీమిలి వైపునుంచి ఓడెక్కి వచ్చి హార్బరులో పనికి కుదిరాడు. జీవరాజు పుట్టింది, చదివింది, బడి ఎగ్గొట్టి క్రికెట్టాడింది అంతా ఈ ఊళ్ళోనే. సర్కారు వర్క్‌షాపులో ముప్పై మూడేళ్ళు ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మోటార్ల రొద వినీ వినీ చెవులు పోవలసిన మనిషి. పోలేదు సరికదా, పక్కవీధిలో కుక్కర్ కూత పెడితే అది ఎవరింటి కుక్కరో చెప్పగలడు. ఈ విద్య వల్ల ఆయనకు గర్వమూ, పక్కవీధి వాళ్ళకు చిరాకూ మిగిలాయి.

ఆయన ఆస్తంతా ఒక స్టీలు బియ్యం డబ్బాలో ఉంటుంది. చేతిలో ఇమిడే రికార్డరు ఒకటి. చుట్టంత సన్నటి మైకులు రెండు. బయట రికార్డు చేసేటప్పుడు గాలి హోరు పడకుండా మైకుకు తొడిగే బొచ్చు టోపీ ఒకటి. చెవులను పూర్తిగా కప్పేసే హెడ్‌ఫోను. ఏడాదిలో ఎనిమిది నెలలు గోడలకు కూడా చెమట పట్టే ఊరు కాబట్టి, కొత్త చెప్పుల అట్టపెట్టెల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లాలను ఊరంతా అడిగి తెచ్చి ఆ డబ్బా నిండా వేసి ఉంచుతాడు. ఇవికాక వెండిరంగు జాలీతో ధగధగలాడే పెద్ద మైకు ఒకటుంది. దాని సంగతే అసలు కథ.

పాటను పాట జరిగే చోటే పట్టాలన్నది ఆయన పట్టుదల. గదిలో బంధించి పాడిస్తే గొంతు వస్తుందిగాని పాట రాదంటాడు. అందుకని ఎవరు పిలిచినా డబ్బా చంకన పెట్టుకుని వెళ్తాడు. డాలీగంజ్‌లో గురునాథం మాస్టారింట్లో శనివారం భజనకు అలాగే వెళ్ళాడు. గురునాథం హార్మోనియం బాగా వాయిస్తాడు, ఆడవాళ్ళు చక్కగా పాడతారు. కానీ చిడతల జోగులు అనే భక్తుడొకడున్నాడు. మైకు ఎక్కడుంటే అక్కడికి జరిగి కూర్చుంటాడు. మొదటి వారం రికార్డింగులో దేవుడి పేరు ఒక్కటీ వినబడలేదు, చిడతలు మాత్రం పిడుగుల్లా వినబడ్డాయి. జీవరాజు రెండో వారం ఆ వెండి మైకు తెచ్చి, "ఇది ప్రత్యేకంగా నీకోసం జోగులూ, మరెవరినీ ముట్టుకోనివ్వకు" అని వసారా చివర నిలబెట్టాడు. జోగులు పొంగిపోయి ఆ మూలకే అతుక్కుపోయాడు. మైకు వైరు మాత్రం గుమ్మం దాటి, మడత మంచం కిందికి పోయి, అక్కడ ముడి పడి ఆగిపోయింది. అసలు పాట, వంటింటి గుమ్మం దగ్గర ఎత్తుగా కట్టిన సన్న మైకుల్లోకి హాయిగా వెళ్ళిపోయింది.

ఆ రోజు జీవరాజు ఇంటిదాకా తనలో తను నవ్వుకుంటూ నడిచాడు. పాపం చేశానన్న బెంగ కాస్త కలిగినా, డాలీగంజ్ మలుపు తిరిగేసరికి అదీ పోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆయన భార్య జ్ఞానవతి తెలుగు చర్చిలో ఆడవాళ్ళ వరుసకు పెద్ద. ఇరవై ఎనిమిదేళ్ళు టీచరుగా చేసిన మనిషి. నలభైమంది పిల్లలను చప్పున కూర్చోబెట్టిన గొంతు ఆమెది. ఆ గొంతుతో కీర్తన ఎత్తుకుంటే శ్రుతికి ఒక మెట్టు పైనా, తాళానికి అర అడుగు ముందూ ఉంటుంది. మిగతా పదకొండుమంది ఆమె వెనక పరుగెత్తవలసిందే. చర్చివాళ్ళు రికార్డరు కొన్న మొదటి ఏడాది క్రిస్మస్ పాటలు విని, పాస్టరుగారు చాలాసేపు నేల చూపులు చూశారు. మరుసటి ఏడు జీవరాజు వెండి మైకు తుడిచి, మెరుగుపెట్టి, భార్య ముందు నిలబెట్టాడు. వైరు చాప కింద నుంచి వెళ్ళి, పరదా వెనక ముడి పడి పడుకుంది. అప్పటినుంచి పదేళ్ళుగా రికార్డింగులు బాగున్నాయని అందరూ అన్నారు, జ్ఞానవతితో సహా. ఈ సంగతి బయటపడితే ఇంట్లో తన గతేమిటో ఊహించే ధైర్యం మాత్రం జీవరాజుకు లేదు.

ఆయన మనసులో తనను తాను సమాధానపరచుకునే మాట ఒకటుంది. పాటకోసం తానూ త్యాగం చేశాడు. ఒకప్పుడు మగవాళ్ళ వరుసలో కింది స్వరం ఆయనదే. చర్చికి రికార్డరు కొన్న ఏడు సంఘం మీటింగులో జ్ఞానవతే లేచి, ఈ మిషను మా ఆయన చేతిలో అయితే భద్రంగా ఉంటుందని చెప్పింది. రికార్డు చేసేవాడు పాడకూడదు, మైకుకు అందరికంటే దగ్గరగా వాడి గొంతే ఉంటుంది కదా. జీవరాజు ఆ రోజునుంచి నోరు కట్టేసుకున్నాడు. ప్రతి క్రిస్మస్‌కూ "నేను పాడితే మిషను ఎవరు చూస్తారు?" అని నిట్టూరుస్తాడు. ఎవరూ బదులు చెప్పరు. అది గౌరవమనే అనుకున్నాడు.

ఈ ఏడు మార్చిలో పాటల సంఘానికి పాతికేళ్ళు నిండుతున్నాయి. పండుగకు ఒక ఆల్బం చేద్దామన్నారు. బ్యాంకులో పనిచేసే వెరోనికా, వరుసలో జ్ఞానవతి పక్కన నిలబడే అమ్మాయి, చెన్నైనుంచి కొత్త రికార్డరు తెప్పించింది. దానికి ఆరు మైకులు తగిలించవచ్చు. ప్రతిదానికీ ఒక నంబరు, ఒక పచ్చ లైటు.

"అంకుల్, ఇందులో ఒక్కో మైకూ అలగ్ అలగ్ రికార్డవుతాది. ఏ నంబరు నొక్కితే ఆ గొంతొక్కటే వినబడతాది" అంది వెరోనికా.

జీవరాజు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. జ్ఞానవతి కళ్ళజోడు సర్దుకుని ఆ మిషనును ఎంతో శ్రద్ధగా చూసింది.

"అయితే ఏవండీ, నాది ఎన్నో నంబరు?"

నాలుగు అన్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. పండుగ ఆదివారం ఆరాధన అయ్యాక అందరిముందూ నాలుగో నంబరు ఒక్కటే పెట్టి వినిపించాలని ఆమె అప్పుడే మాట తీసుకుంది.

ఆ వారం జీవరాజుకు అన్నం సయించలేదు. వైరు తెగిందని చెబుదామనుకున్నాడు. వెరోనికా మూడు కొత్త వైర్లు తెచ్చిపెట్టింది. వెండి మైకు ముసలిదైపోయిందని చెప్పి చూశాడు. ముసలిదైతే ఏం, మనమూ ముసలివాళ్ళమే కదండీ అని జ్ఞానవతి దాన్ని తన చీర చెంగుతో తుడిచింది. అన్నం తింటూ, బట్టలు ఆరేస్తూ, "నాలుగే కదండీ?" అని రోజుకోసారి అడిగింది. శుక్రవారం గడ్డం గీసుకుంటుండగా ఆయనకు దారి దొరికింది. మైకు నిజంగానే తగిలిస్తాడు. రికార్డు చేస్తాడు. ఆమె అడిగినప్పుడు వినిపిస్తాడు. ఆల్బంలో మాత్రం ఆ ఒక్కటీ కలపడు. ఆ సంతోషంలో గడ్డం రెండుచోట్ల తెగినా పట్టించుకోలేదు.

శనివారం తెల్లవారి ఎప్పటిలాగే జ్ఞానవతి వెళ్ళి చర్చి ఊడ్చి వచ్చింది. ఆ తరువాత జీవరాజు వెళ్ళి, పరదా వెనక వైరు ముడి విప్పాడు. పదేళ్ళ ముడి, పంటితో లాగితేగాని రాలేదు. తీసుకెళ్ళి నాలుగో రంధ్రంలో పెట్టి, మైకుమీద గోటితో కొట్టి చూశాడు. పచ్చ లైటు వెలిగింది. మిషను పెట్టుకుని స్తంభం చాటున కూర్చున్నాడు.

తొమ్మిదింటికి పాటలు మొదలయ్యాయి. రేకుల కప్పుమీద వాన లేదు, ఫ్యాన్లు ఆపేశారు, కరెంటు హోరు పడకుండా మిషనుకు బ్యాటరీలు వేశాడు. మూడో కీర్తన ముగిసి నాలుగోది ఎత్తుకోబోతుండగా హార్బరులో ఓడ కూత పెట్టింది. జీవరాజు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. ఒక కూతతో సరిపెట్టే ఓడో కాదో చూద్దామని హెడ్‌ఫోను తీసి గుమ్మం బయటికి నడిచాడు. మిషను తన మానాన తను తిరుగుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం జ్ఞానవతి డెలానీపూర్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. జీవరాజు వెనకగదిలో కూర్చుని నాలుగో నంబరు ఒక్కటీ విన్నాడు. మూడో కీర్తనలో భార్య గొంతు చెవులకు చిల్లులు పొడిచింది. హెడ్‌ఫోను శబ్దం సగానికి తగ్గించాడు. తరువాత ఓడ కూత. తరువాత, మిగతా మైకులకు అందనంత సన్నగా, ఆమె గుసగుస. శబ్దం మళ్ళీ పెంచాడు.

"వెరోనికా, మరీ అలా బిగుసుకుపోకు. నా గొంతు అందులో పడదు. అది ఒట్టి మైకు. మీ అంకుల్ వైరుకి ముడేసి పరదా ఎనక పడేస్తారు. పదేళ్ళ బట్టీ ఊడ్చినప్పుడల్లా చూస్తన్నాను. ఇయ్యాల పొద్దున కూడా అలాగే ఉంది."

"మరి అడగలేదేటి ఆంటీ?"

"ఏటని అడుగుతాను? ఆయన మగోళ్ళ వరసలో నోరు తెరిస్తే పాస్టరుగారు చరణం మర్చిపోయీవోరు. అందుకే ఆ మిషను కొనిపించి ఆయన చేతిలో పెట్టించాను. ఆయన నా మైకు ఆపేరు, నేను ఆయన నోరు ఆపేను. హిసాబ్ బరాబర్. రేపు నాలుగో నంబరు వెయ్యమంటాను చూడు, మొహం ఎలా పెడతారో."

జీవరాజు హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పదకొండేళ్ళుగా తన గొంతు లేక ఆ వరుస బోసిపోయిందని నమ్మిన మనిషి. మనసు నిజంగానే గాయపడింది. ఊరందరినీ వెండి మైకుతో బుట్టలో వేశానని మురిసిపోయినవాడు, తానే ఇంకా పెద్ద బుట్టలో కూర్చున్నాడు. లేచి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాడు. తాగుతుండగా సగంలో నవ్వొచ్చి పొలమారింది.

ఆదివారం ఆరాధన అయింది. టీలు, సమోసాలు వచ్చాయి. మిషనును చర్చి స్పీకర్లకు తగిలించారు. జ్ఞానవతి లేచి నిలబడి, ముఖం ఎంతో అమాయకంగా పెట్టి, నాలుగో నంబరు వినిపించమని అడిగింది. వెరోనికా టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

జీవరాజు మీట నొక్కాడు.

మూడో కీర్తన స్పీకర్లు అదిరేలా మొదలైంది. అంత గొంతూ ఒక్క మనిషిది. జ్ఞానవతి ముఖంలో రంగు మారిపోయింది. శ్రుతి లేదు, తాళం లేదు, కానీ ఆ పాడేమనిషి ప్రతి మాటనూ నమ్మి పాడుతోందని అందరికీ తెలుస్తోంది. ముందు వరుసలో యర్రమ్మ అనే ముసలావిడ కళ్ళొత్తుకుంది. జీవరాజు, పదేళ్ళపాటు ఈ గొంతును పరదా వెనక ముడేసి ఉంచానా అని మొదటిసారి సిగ్గుపడ్డాడు. కీర్తన ముగిసింది. ఓడ కూత వినబడింది. జ్ఞానవతి ఆయన వంక చూసింది. ఆయన వేలు మీటమీదే ఉంది, నొక్కడం లేదు.

"వెరోనికా," అంది స్పీకరు, రహస్యంగా.

అప్పుడు నొక్కాడు.

"ఇంకా ఉంది జ్ఞానం. వెయ్యనా?" అని మర్యాదగా అడిగాడు.

"చాలండి" అంది ఆమె, ఎన్నడూ లేనంత మెల్లగా.

ఇద్దరూ ఇంటికి వచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ జీవరాజు, తన గొంతు మరీ అంత చెడ్డదా అని అడిగాడు. జ్ఞానవతి అబద్ధం చెప్పడం చేతకాని మనిషిలా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"చెడ్డదే. కానీ పదకొండేళ్ళ బట్టీ ఆ వరసలో అది లేక నాకు ఒంటరిగా ఉందండీ. దేవుడితో నేనొక్కదాన్నే మాట్లాడుతున్నట్టుంది."

ఆల్బంలో నాలుగో నంబరును జీవరాజు కొద్దిగా, పప్పులో ఇంగువంత, కలిపాడు. ఎవరూ తప్పు పట్టలేదు. గుసగుసను మాత్రం చెరపలేదు. అది బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది.

డిసెంబరు వచ్చింది. ఇకమీదట మిషను వెరోనికా చూసుకుంటుందని, అంకుల్ మగవాళ్ళ వరుసలో నిలబడతారని జ్ఞానవతే మీటింగులో చెప్పింది. పాస్టరుగారు పాటల పుస్తకం తీసి చరణాలు చదువుకోసాగారు. క్రిస్మస్ ఉదయం జీవరాజు తెల్లచొక్కా వేసుకుని వచ్చేసరికి ఆయన నిలబడే చోట ఎదురుగా వెండి మైకు ఉంది. తుడిచి, మెరుగుపెట్టి ఉంది. ఎత్తు కూడా సరిగ్గా ఆయన నోటికి సరిపోయేలా జ్ఞానవతి స్వయంగా అమర్చింది.

ముప్పై మూడేళ్ళు ఎలక్ట్రీషియనుగా చేసినవాడి కన్ను ఊరుకోదు. ఆయన చూపు వైరు వెంట మెల్లగా వెళ్ళింది. వైరు చాప కిందికి దూరింది. పరదా వెనక తేలింది. అక్కడ కొస దగ్గర చక్కటి ముడి వేసి ఉంది.

జీవరాజు ఆడవాళ్ళ వరుస వైపు తిరిగాడు. జ్ఞానవతి పాటల పుస్తకంలో మునిగిపోయి ఉంది. ఆయన గొంతు సవరించుకుని, మైకుకు ఇంకా దగ్గరగా జరిగి, మొదటి చరణం నిండుగొంతుతో ఎత్తుకున్నాడు.