కాదనడం రాని హవల్దారు

పటాలం నుంచి బయటపడి, అబూధాబీ శివారు మఫ్రఖ్‌లో ఒక లేబర్ క్యాంపు గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా కుదురుకున్నాను. కుదురుకోవడమంటే నిలబడటమే. కరోనా తగ్గాక, నలభై దాటిన వయసులో, అబూధాబీలోని ఒక కాలేజీలో సేఫ్టీ డిప్లమాలో చేరాను. మాలాంటి పనివాళ్ల కోసం ఆదివారాలు క్లాసులు పెట్టే కాలేజీ అది. సారు లోపలికి రాగానే నేను లేచి మడమలు టక్కున కలిపేవాణ్ణి. ఆ చప్పుడుకు ముందు బెంచీ పిల్లలే కాదు, సారూ ఉలిక్కిపడేవాడు.

చివరి ప్రాక్టికల్లో తప్పాను. కాలేజీ వెనక రెయిలింగ్ లేని పరంజా ఒకటి కట్టి ఉంచారు. నేను సేఫ్టీ ఆఫీసర్ని. సారు సైటు ఇంజనీరు వేషం కట్టి, ఒక మనిషిని పైకి ఎక్కించమంటాడు. నేను పని ఆపించాలి. అంతే.

"ఏం చూస్తున్నావ్? నేను చెప్తున్నా కదా! యల్లా, ఎక్కించు!" అని గద్దించాడు.

"యస్ సార్!" అన్నాను. కూలీ వేషంలో ఉన్న తోటి కుర్రాణ్ణి భుజం తట్టి మరీ పైకి తోశాను.

సారు తల పట్టుకున్నాడు. "ఇంత క్రమశిక్షణగా ఫెయిలైనవాణ్ణి నేనెక్కడా చూడలేదు ఫౌజీ. వచ్చే ఆదివారం ఇంకో ఛాన్సు. అదీ పోతే కోర్సు మళ్లీ మొదటినుంచి."

పటాలంలో వంటబట్టింది పాఠాలకు అడ్డొచ్చింది. పై అధికారి మాటకు ఎదురు చెప్పడం నా సర్వీసులో లేదు. ఆ విద్య నేర్పే పని నా గదిలో ఉండే కడప టైల్స్ మేస్త్రి నెత్తికెత్తుకున్నాడు. సాయంత్రం కూరగాయలు కడుగుతుంటే మీదికొచ్చాడు.

"అన్నా, నేను ఇంజనీర్ని. ఆ తడి చేత్తోనే ప్లగ్గు పెట్టు!"

నా చెయ్యి అప్పటికే ప్లగ్గు మీదుంది.

"థూ! మళ్లా పెడ్తాండావే! లేదను అన్నా!"

"లేదు."

"అట్ల గాదు. చెవిలో గుట్టు చెప్పినట్టుండాది."

గురువారం క్యాంపు మేనేజరు పిలిచాడు. హైదరాబాదాయన.

"ఆదివారం డ్యూటీ నీదే ఫౌజీ."

"సార్, ఆ రోజు పరీక్ష ఉన్నది."

"గేటు కాడ నిలవడేటోనికి కాలేజీ ఎందుకయ్యా? డిప్లమాతోని గేటు పెద్దగైతదా? డ్యూటీకి రా. ఖలాస్."

నా మడమలు దగ్గరికొచ్చాయి. "యస్" సగం దాకా వచ్చి నాలుక మీద ఆగింది.

"నేను రాను సార్."

"ఏమన్నవ్?"

"రాను. ఇంకెవర్నన్న పెట్టుకోండ్రి."

"వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి తోలుత!"

"తోలుండ్రి సార్. పరీక్ష అయినంకనే పోత."

ఆయనకంటే నేనే ఎక్కువ అదిరిపోయాను. అలవాటు కొద్దీ సెల్యూట్ కొట్టి బయటికి నడిచాను.

ఆదివారం సారు ఈసారి ఇంకా గట్టిగా అరిచాడు. "నీ ఉద్యోగం పీకిస్తా!" అన్నాడు. ఆ బెదిరింపు నాకు అప్పటికే పాతబడింది.

"రెయిలింగ్ పెట్టిందాక ఎవ్వరు ఎక్కరు సార్."

"నువ్వెవడివి ఆపడానికి? నేనే ఎక్కుతా!" అంటూ నిచ్చెన మీద కాలు వేశాడు.

ఇది పుస్తకంలో లేదు. వెళ్లి నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డాను. "మీరు గూడ దిగుండ్రి సార్."

సారు దిగాడు. నేను గట్టెక్కాను.

మేనేజరు నా వీసా క్యాన్సిల్ చేయలేదు, నాతో మాట్లాడటం మాత్రం క్యాన్సిల్ చేశాడు. ఆ మౌనంలోనే వేరే కంపెనీలో సేఫ్టీ ఉద్యోగం వెతుక్కున్నాను. పొద్దున్నే నేను సైటులో కాలు పెడితే ఫోర్‌మన్ మొహం మాడ్చుకుంటాడు. "ఒచ్చిండురా పని ఆపేటోడు!" అంటారు అక్కడ పనిచేసే మా జగిత్యాల పిల్లలు. అనుకోనీ. బెల్టు హుక్కు తగిలించుకోకుండా వాళ్లలో ఒక్కణ్ణి కూడా పైకి పోనివ్వను.