మ్యాక్ కొన్నాను, మేనత్తను పోగొట్టుకోబోయాను

విజయవాడలో మా ఇంట్లో ఆ ఆదివారం జరిగిన ఘోరం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పడగ్గదిని రికార్డింగ్ స్టూడియో చేయాలన్న పిచ్చి పట్టిన రోజులవి. ఇంట్లో ఉన్న విండోస్ కంప్యూటర్లో నేను చేసిన పాటలేవీ బాగా రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. నేను ఇంకో అడుగు ముందుకేసి కొత్త మద్దెలే కొనాలనుకున్నాను.

చర్చిలో కీబోర్డు వాయించే నా స్నేహితుడు సుధీర్ మొత్తుకున్నాడు.

"గురూ, చెయ్యి అలవాటైన విండోస్ వదలకు. రెండిట్లోనూ పాట ఒకేలా వస్తది. కొత్తది నేర్చుకునేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోద్ది."

"నీకు తెలీదులేరా. పెద్ద పెద్ద స్టూడియోల్లో మ్యాకే వాడతారు."

"వాళ్లకి వాడటం వచ్చు."

ఆ చివరి మాట నాకు ఎక్కి ఉంటే ఈ కథే లేదు. గవర్నర్‌పేటలో మ్యాక్ కంప్యూటర్ కొని, పురిటిబిడ్డను తెచ్చినట్టు ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

మొదటి రికార్డింగ్ మైలవరంలో ఉండే మా మేనత్త దీనమ్మది. ఏళ్ల తరబడి చర్చిలో పాడిన మనిషి. మోకాళ్ల నొప్పులతో ఇక పాటల బృందం మానేస్తోంది. మానేముందు ఒక్క పాట దాచుకోవాలని ఆశ. మావయ్యను వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది.

అత్తయ్యను మైకు ముందు నిలబెట్టి పడగ్గది తలుపేశాను. మావయ్య లోపలే మంచం మీద కూర్చున్నాడు. హాల్లో మ్యాక్ ముందు నేను, పక్కన మా ఆవిడ సునీత. మైకు వైరు తగిలించిన చిన్న పెట్టెలోంచి పాట నేరుగా నా హెడ్‌ఫోన్స్‌లోకి వస్తోంది. స్క్రీన్ మీద శబ్దం పడుతోందని చూపే పచ్చగీత గంతులేస్తోంది. ఇంకేం, అంతా సవ్యంగా ఉందనుకుని నోటికి పని చెప్పాను.

పాట అయ్యాక అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, పెద్ద స్పీకర్లు పెట్టి మీట నొక్కాను. తలుపు వెనక నుంచి వచ్చినట్టు అత్తయ్య పాట ఈగ రొదలా వినపడింది. దాని మీద, ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తినట్టు, నా గొంతు!

"చూశావా, అత్తయ్య శ్రుతి ఇంకా మైలవరం బస్సులోనే ఉంది. బెజవాడ చేరలా."

"ఊరుకోండి, వినపడుద్ది!" అది సునీత.

"తలుపేశాంగా! ఈ గొంతు బాగుచెయ్యాలంటే మ్యాక్ చాలదు, దేవుడే దిగిరావాలి."

ఆపుదామంటే మీట ఎక్కడుందో తెలిస్తేగా! పాత కంప్యూటరైతే కళ్లు మూసుకుని ఆపేవాణ్ణి. ఏదో నొక్కాను. మొత్తం మళ్లీ మొదటినుంచి అందుకుంది.

విడిగా తగిలించిన మైకునే వినమని మ్యాక్‌కు ముందుగా చెప్పాలట. నేను చెప్పలేదు. అది తన సొంత మైకుతో, నా ముక్కు కింద కూర్చుని, నన్నే విన్నది.

మావయ్య భోజనం కూడా చేయకుండా చెప్పులేసుకున్నాడు. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని మ్యాక్ వంక చూసింది.

"మిషన్ మంచిదేరా బాబీ. నా గొంతు పట్టలేదు గానీ, నీ బుద్ధి చక్కగా పట్టింది."

తర్వాత మైలవరం వెళ్లి అత్తయ్య కాళ్లు పట్టుకున్నాను. సుధీర్ ఇంట్లో, వాడి పాత విండోస్ మీద పాడటానికి ఒప్పుకుంది. ఒక్కటే షరతు: "వీడు గేటు బయట ఉండాలి."

ఉన్నాను. కిటికీలోంచి పాట వినపడింది. శ్రుతి అక్కడక్కడా జారింది. అయినా ఎందుకో కళ్లు తుడుచుకున్నాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా, దాని చెవి ఎక్కడుందో తెలిసేదాకా నా నోరు తెరవను.