కట్టుసారు దగ్గర మీజాన్‌ప్లాస్

శ్రావణ సోమవారం పొద్దున ఆరున్నరకు సంగారెడ్డిలో నారాయణఖేడ్ బస్సెక్కాను. నేను హోటల్ వంట నేర్పే కాలేజీలో పంతులమ్మను. నా విద్యార్థిని శివలీలకు హైదరాబాద్ హోటల్లో కొలువు వచ్చింది, మర్నాడే చేరాలి. వాళ్ళ అవ్వ పంపనంటోంది. ఇంటి నైవేద్యం ఒక్కతే తప్పులేకుండా వండితే అప్పుడు చూద్దామందట. "మీరు పక్కనుండాలె మేడం" అని పిల్ల ఫోన్లో బతిమాలింది.

జోగిపేటలో ఎక్కి నా పక్కన కూర్చున్న కంగ్టి ఊరి రైతు సంగతి విని, "ఐతే ముందే తినుర్రి. దేవునికి పెట్టేదాక వాళ్ళు చాయ్ సుత ఇయ్యరు" అన్నాడు. ఆయన మాట విని, దిగగానే బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను.

తొమ్మిదిన్నరకు వాళ్ళింట్లో ఉన్నాను. శివలీల శనగపప్పు, బెల్లం, చింతపండు పులుసు, తాలింపు గింజలు గిన్నెల్లో వరసగా పెట్టుకుంది.

"గిదేందే, దుకాణం పెట్టినవా?" అంది అవ్వ.

నేను కల్పించుకున్నాను. దీన్ని మీజాన్‌ప్లాస్ అంటారు, ఫ్రెంచి మాట, ఉండాల్సిన చోట ఉంచడమని అర్థం అన్నాను. ఫ్రాన్సు పెద్ద వంటశాలల్లో పనిని పటాలంలా పంచుకున్నప్పుడు స్థిరపడిన పద్ధతి. పొయ్యి వెలిగించక ముందే అన్నీ చేతికందాలి.

అవ్వ ఓపిగ్గా వింది. "మంచిదే. మా ఇంట్ల ఇంకోటుంది. నైవేద్యం అయ్యేదాక నోట్లె ఏస్కోవద్దు."

నేను శివలీల వైపు చూశాను. రుచి చూడకుండా గిన్నె దించొద్దని ఆ పిల్లను తిట్టి తిట్టి నేర్పింది నేనే.

హోళిగలు, అంటే మన బొబ్బట్లు, చక్కగా పొంగాయి. పప్పు ఉడికించి వార్చిన కట్టుతో ఇక్కడ సారు, అంటే చారు, కాస్తారు. అది మరుగుతుండగా శివలీల చెంచాతో తీసి, ఊది, నాలుకకు తాకించింది. అలవాటు. అవ్వ దేవుడి గదిలో ఉంది, చూసింది నేనొక్కదాన్నే. చెప్పొద్దని కళ్ళతో సైగ చేశాను.

"అవ్వా, సారు ఎంగిలైంది. రుచి చూసిన" అంది శివలీల.

అవ్వ గడప దాకా వచ్చి చూసి, మళ్ళీ దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. వరండాలో పూజకు వచ్చిన చుట్టాలు గుసగుసలాడుతున్నారు. శివలీల ఆ గిన్నె పక్కకు తీసేసి, మిగిలిన కట్టూ పులుసూ దగ్గరికి లాక్కుని, పెదవులు బిగించి మళ్ళీ కాచింది. పన్నెండు దాటాక పూజగంట మోగింది.

బంతిలో మా ఇద్దరి చూపూ అవ్వ విస్తరి మీదే. అవ్వ సారు నింపాదిగా జుర్రింది.

"ఉప్పు తక్కువైంది" అంది. శివలీల తల దించుకుంది. "నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోతుండె బిడ్డా. గందుకే పంపుతున్న. ఆడ మాత్రం రుచి చూస్కొనే వండు."

మూడింటి బస్సులో కిటికీ పక్క సీటు శివలీలకిచ్చాను. శ్రావణంలో ఆ ఊరు వెళ్ళేవారు ఆకలికి ఓర్చుకోండి, కట్టుసారు కోసం ఓర్చుకోవచ్చు. వంటింటి క్రమశిక్షణ గురించి ఆ పిల్లకు చాలా చెప్పాను. ఆ రోజు నా సైగను పాటించకపోవడం మాత్రం తనంతట తానే నేర్చుకుంది. సంతోషంగా ఉంది, సిగ్గుగానూ ఉంది.