కుడి బుగ్గ మీద మచ్చ

మా పాలిటెక్నిక్‌లో విద్యార్థుల రికార్డులు చూసే మేడమ్‌కి ముఖాలు గుర్తుండేవి కావు. గుర్తుపెట్టుకోవాలని ఆవిడ ప్రయత్నించినట్టు కూడా లేదు. సర్టిఫికెట్ కోసం ఎవరు వెళ్లినా రిజిస్టర్ తెరిచి, అందులో రాసి ఉన్న పుట్టుమచ్చలు చూపించమనేవారు. పక్కనే ఫొటో అతికించి ఉన్నా దాని వంక చూసేవారు కాదు. ఆవిడ బల్ల ముందు వరసలో కుర్రాళ్లు చొక్కా చేతులు పైకి మడిచి సిద్ధంగా నిలబడేవారు.

నా వంతు వచ్చింది. కొండపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. సాయంత్రంలోగా అక్కడ సర్టిఫికెట్ ఇవ్వకపోతే అది ఇంకొకడికి పోతుంది.

"కుడి బుగ్గ మీద మచ్చ అని ఉంది. ఏది బాబూ?"

"లేదండీ. టెన్త్‌లో మా మాస్టారు అందరికీ తనకి తోచింది రాసేశారు."

"మరి చూడకుండా నేనెలా సంతకం పెడతాను?"

నేను ఏడుపుమొహం పెట్టాను. ఆవిడ గోడ గడియారం చూశారు, నన్ను చూశారు. పెన్ను మూత తీసి, నా గడ్డం పట్టుకుని, కుడి బుగ్గ మీద చుక్క పెట్టారు. కొంచెం వెనక్కి జరిగి పరీక్షగా చూశారు.

"ఉంది," అని సంతకం పెట్టారు.

ఇప్పటికీ ఆ ఉద్యోగమే చేస్తున్నాను. ఆవిడ రిటైరయ్యాక, మొన్న బెజవాడ బస్టాండులో కనిపించారు. నమస్కారం పెట్టి పేరు, బ్రాంచి చెప్పాను.

"గుర్తు రావట్లేదండీ," అన్నారు మర్యాదగా.

కుడి బుగ్గ ఆవిడ వైపు తిప్పాను. కళ్లజోడు సర్దుకుని కాసేపు వెతికారు.

"ఏం బాబూ, కడిగేసుకున్నావా?"