ఫూన్ కీ ఇంటిదారి

కొండ మలుపులో బస్సు ఆగినప్పుడు ఆమె ఎక్కింది. కూర్చోవడానికి చోటు లేదు. మా సమోవా బస్సుల్లో నిలబడ్డవాళ్ళ బరువు కూర్చున్నవాళ్ళు మోయాలి, అదే మర్యాద. చేతులు చాచి ఆమె మూట ఒళ్ళో పెట్టుకున్నాను. పైన సన్నని నేత చాప చుట్టి ఉంది.

పక్కన వేలాడుతున్న లావుపాటి చేపలామె నవ్వింది. "ఆ మూట దించెయ్ పెద్దాయనా, నీ ఒళ్ళో నేను కూర్చుంటా! ఇంతకీ ఏంటమ్మా అందులో, చేమదుంపలా?"

"మా నాన్న."

చేపలామె నవ్వు ఆగిపోయింది. నేను మూట కింద రెండో చెయ్యి కూడా పెట్టాను.

ఆమె పేరు ఫెతూ. తండ్రి ఫూన్ కీ, కోకో తోటలో కూలికని చైనా నుంచి ఓడలో వచ్చినవాడు. గడువు తీరాక దొరలు కూలీలను తిరిగి ఓడెక్కిస్తుంటే, ఫెతూ తల్లి ఆయన్ని వంటపాకలో కొబ్బరి డొక్కల కింద దాచింది. అలా ఉండిపోయి, ఊరికి సేమ్యా వేపుడు నేర్పాడు. ఇప్పుడు ఆదివారం చర్చి నుంచి వచ్చి అది తినకపోతే మాకు భోంచేసినట్టే ఉండదు. అది చైనా వంటని ఎవరికీ గుర్తు లేదు. ఓడ పనిలో తిరిగినప్పుడు చాలా రేవుల్లో చూశాను, మనిషి కంటే వంటకే త్వరగా ఊరు దొరుకుతుంది.

పోయేముందు ఆయన కూతుర్ని ఒక్కటే అడిగాడు: కొన్నేళ్ళయ్యాక ఎముకలు తీసి, కడిగి, పుట్టిన ఊరికి పంపమని. వాళ్ళ ఆచారం అది. ఇక్కడ మాత్రం సమాధి ఇంటి ముందే ఉండాలి. ఎవరి పెద్దలు పడుకుంటే ఆ నేల వాళ్ళది.

"మా మేనమామ ఏమన్నాడో తెలుసా? 'తవ్వుకుపో. సమాధి ఖాళీ అయిన రోజే ఇల్లూ ఖాళీ చెయ్' అన్నాడు."

"మరి నువ్వెక్కడుంటావమ్మా?"

కిటికీలోంచి వాన జల్లు కొడుతుంటే, ఆమె వంగి చాప అంచు మూట మీదికి లాగింది.

అపియా పట్నంలో బస్సు దిగేసరికి కొట్టు ఆసామి లియావ్ గొడుగుతో ఎదురుచూస్తున్నాడు. చైనాలో ఆయనదీ ఫూన్ కీ ఊరే. ఎముకలు తీసుకెళ్ళేది ఆయనే. మూట కొట్టు వెనక గదిదాకా నేనే మోశాను. లియావ్ మట్టికుండ ముందు కూర్చుని విప్పాడు. పాదాలతో మొదలుపెట్టి, మనిషి కూర్చున్నట్టు పేర్చాలి. వెతికాడు. మళ్ళీ వెతికాడు.

"అక్కా, పాదాలేవీ?"

"ఇంటి ముందే ఉన్నాయి. సమాధి నేను ఖాళీ చెయ్యలేదు."

"అయ్యో, పాదాల్లేకుండా అక్కడ ఎలా నిలబడతాడక్కా?"

"నిలబడక్కర్లేదు, కూర్చోబెట్టు తమ్ముడూ. ఇంకెక్కడికీ పోయే పని లేదుగా."

లియావ్ పిక్క ఎముకలు కుండ అడుగున పెట్టాడు. పుర్రె పైకి చేరేదాకా ఫెతూ చూసింది. ఖాళీ చాప మడిచి చంకన పెట్టుకుని, ఊరి బస్సు ఆగే వైపు వానలో నడిచింది.