లక్క ముద్ర మీద నా సంతకం

మా జీడిమెట్ల ఆఫీసులో నెట్‌వర్కు పెట్టిన ఇంజనీరు గారు మొన్న మంగళవారం దవాఖానలో పోయారు. మెదడులో నరం చిట్లిందట. ఆయన భార్య ఫోను చేసి, ఆయన పిలిచినట్టే పిలుస్తూ, "మీకే ముందుగాల చెప్పాలె అనిపించింది అమ్మమ్మా" అంది. ఆ ఫోను అందుకునే అర్హత నాకు లేదు.

మాది మందుల ఫ్యాక్టరీ. హెడ్డాఫీసు హైటెక్ సిటీకి మారాక రెండుచోట్ల కంప్యూటర్లనూ ఇంటర్నెట్ మీదుగా కలపవలసి వచ్చింది. అందరూ నడిచే ఆ దారిలో మా కాగితాలు మాత్రం పరుల కంటపడకుండా వెళ్లడానికి ఆయన ఒక సొరంగం లాంటిది కట్టారు. రెండు చివర్ల నెట్‌వర్కు పెట్టెల్లోనూ ఒకే రహస్య పదం అక్షరం తేడా లేకుండా కొడితేనే అది తెరుచుకుంటుంది. ఫోనులో చెప్పేస్తే అయిదు నిమిషాల పని. ఆయన మాత్రం అక్కడ కొట్టి, రెండు బస్సులు మారి వచ్చి ఇక్కడా తానే కొట్టేవారు. అంతకుముందు ఇరవై ఏళ్లు టెలిఫోను లైన్లు చూసిన మనిషి.

"ఫోన్ల చెప్పుడంటె గోడకు రాసుడే. తీగ మీద ఎవరెవరు వింటరో నాకెరుక."

ఒకసారి ఆఫీసుకొచ్చిన నా మనవరాలు పిలవగా విని, అప్పటినుంచి ఆయనా నన్ను అమ్మమ్మా అనేవారు. యాభైకి దగ్గరపడ్డ మీకు నేను అమ్మమ్మనెలా అవుతానండీ అని కోప్పడ్డాను. "మేడం అంటె తప్పులే ఎతుకుతరు. అమ్మమ్మ అంటె జర ఆగుతరు" అని నవ్వారు.

పదం మార్చినప్పుడల్లా దాన్ని ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క వేయించి, పైన నా చేత సంతకం పెట్టించేవారు. కవరు నా అధీనంలోని ఇనప్పెట్టెలో ఉండేది. ఎవరు తెరిచినా నేను రాసే రిజిస్టరులో ఎక్కాలి. మీరూ సంతకం చేయండి అంటే ఒప్పుకోలేదు. "తాళం చేసినోడే సాక్షి అయితె ఎట్ల? మీది ఉంటె చాలు."

ముప్ఫై ఒక్క ఏళ్లలో నా రిజిస్టరులో ఒక్క వరుస తప్పలేదని పేరు.

ఆయన చుట్టాల పెళ్లికి ఊరెళ్లిన రోజు హెడ్డాఫీసులోని నెట్‌వర్కు పెట్టె చెడింది. కొత్తది తెచ్చారు కానీ అక్కడెవరికీ పదం తెలియదు, ఫోనులో అడిగితే ఆయన చెప్పరు. మా మేనేజరు నన్ను పిలిచి, "కవరు చించి వాళ్లకి ఫోనులో చదివెయ్యండి. రిజిస్టర్లో రాయకండి, ఆయనొచ్చి రాద్ధాంతం చేస్తాడు" అన్నారు. నా ఉద్యోగం పొడిగింపు కాగితం సంతకం కాకుండా మేనేజరు బల్ల మీదే ఉంది. లైను బాగాలేక ఒక్కొక్క అక్షరం రెండేసిసార్లు గట్టిగా చదివాను. తర్వాత కొత్త కవరు తెచ్చి, లక్క వేసి, పాత తేదీతో సంతకం పెట్టాను. పాత పెట్టెనే బాగుచేయించారని మేనేజరూ, హెడ్డాఫీసు వాళ్లూ ఇంజనీరు గారికి చెప్పారు.

రెండు నెలలకు మా కొత్త మందు తయారీ కాగితాలు పోటీ కంపెనీలో తేలాయి. విచారణ జరిగింది. కవరు ఎవరూ తెరవలేదని రిజిస్టరు చెప్పింది. అంటే పదం తెలిసినవారు ఆయనొక్కరే. "ఇందులో ఉన్నదంతా సరైనదేనా?" అని నన్ను అడిగారు. సరైనదేనండి అన్నాను. మేనేజరు తల వంచుకుని కూర్చున్నారు.

ఇంజనీరు గారిని తీసేశారు. వెళ్లేముందు నా బల్ల దగ్గరికొచ్చి రిజిస్టరు అడిగి, వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ పోయారు.

"మీ దాంట్ల లేదంటె లేనట్టే గద అమ్మమ్మా. నేనే ఏడనో తప్పు చేసిన."

ఎత్తిపొడుపు అనుకున్నాను. కాదని నిన్న తెలిసింది.

నిన్న మియాపూర్‌లో వాళ్లింటికి వెళ్లాను. మేనేజరు పంపిన పూలదండ గుమ్మం పక్కన ఉంది. ఉద్యోగం పోయాక ఆయన ఫోన్లు బాగుచేసే కొట్టులో పనిచేశారు. ఇంటికొస్తే కాగితాల మీద ఆ సొరంగమే గీస్తూ కూర్చునేవారట. "యాడ కారిందో, యాడ కారిందో అనుడే" అంటూ ఆవిడ ఆ కట్ట తెచ్చింది.

కవరు తెరిచింది నేనేనని ఆవిడకు చెప్పాను. ఆవిడ ఆ కట్ట నా చేతిలో పెట్టింది. "గీ మాట ఆయనకు చెప్పి ఉంటె కడుపు నిండ తింటుండె" అంది.

పాత రిజిస్టరులో ఆ రోజు వరుసల మధ్య ఇప్పుడు రాయడానికి చోటు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తెరిచినది నేను. చదివినది నేను. ఆయన తప్పు ఏదీ లేదు.

ఆ కాగితాలన్నీ చూశాను. ప్రతి గీత దగ్గరా, ప్రతి మలుపు దగ్గరా ఎర్ర పెన్నుతో ప్రశ్న గుర్తులు. తన పేరు పక్కన మూడు. జీడిమెట్ల వైపు ఇనప్పెట్టె కోసం గీసిన చిన్న చతురస్రం దగ్గర మాత్రం, ఏ కాగితంలో చూసినా, ఒక టిక్కు పెట్టి, పక్కన 'అమ్మమ్మ' అని రాసి ఉంది.