చిన్నాయనకు వచ్చిన ఇంగ్లీషు జబ్బు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఇంగ్లీషు శనివారం సాయంత్రం బస్సులో వచ్చేది. మా చిన్నాయన పట్నంలో హైస్కూలు అయ్యవారు, ఇంగ్లీషు చెప్పేవాడు. వారానికోసారి కాణిపాకం అవతలున్న మా పల్లెకు వచ్చేవాడు. రోడ్డు దగ్గర దిగి ఇంటిదాకా చెరుకు తోటల మధ్య నడుస్తూ నాకు ఒక్కో మాట నేర్పేవాడు. అర్థం చెప్పి ఊరుకునే రకం కాదు. పచ్చిగడ్డి పరక చేతికిచ్చి వంచమనేవాడు, అది బెండ్. ఎండుపుల్ల ఇచ్చి విరవమనేవాడు, అది బ్రేక్. పాత గోడ బీటలో నా వేలు పెట్టించి క్రాక్ అనేవాడు. కొలాప్స్ అంటే ఏమిటో చూపించడానికి మాత్రం దారిలో ఏమీ దొరకలేదు. "దానికి ఇల్లే కూలాల పాపా" అని నవ్వాడు. అంత బాగా చెప్పే అయ్యవారిని నేను మళ్లీ చూడలేదు, ఎవరేమనుకున్నా సరే.

ఒక వానాకాలం, వారం మధ్యలో, బడి బంట్రోతు ఆయన్ను చేయి పట్టుకుని తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టి పోయాడు. తనిఖీకి పెద్ద ఆఫీసరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడట. చిన్నాయన సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడట. అంతే, నోట మాట రాలేదు. పిల్లలందరి ముందూ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడట. ఇద్దరు అయ్యవార్ల పని ఒక్కడే మోస్తున్నాడనీ, నెలల తరబడి కంటికి నిద్ర లేదనీ మాకు ఆ తర్వాతే తెలిసింది. శనివారం శనివారం మా కోసం నవ్వు ముఖం తెచ్చుకుని వచ్చేవాడు, పాపం.

చిత్తూరులో చూసిన డాక్టరు మంచాయనే. నెర్వస్ బ్రేక్‌డౌన్ అన్నాడు, తొందరపెట్టవద్దన్నాడు. మా నాయన చెవికి అందులో బ్రేక్‌డౌన్ ఒక్కటే ఎక్కింది. లారీలకూ బస్సులకూ వచ్చేదే కదా, రిపేరు చేస్తే మళ్లీ నడుస్తుందనుకున్నాడు. పైగా ఇంగ్లీషులో చెబితే పరువు పోదు. "మీ తమ్మునికి మతి సెడిందంట గదప్పా" అని ఎవరైనా వాకిట్లో నిలబడి అడిగితే, నాయన గొంతు పెంచి "మతీ లేదు గితీ లేదు, బ్రేక్‌డౌన్! డాక్టరే సెప్పినాడు" అనేవాడు. అడిగినవాళ్లకు అర్థం కాక నోరు మూసుకుని పోయేవాళ్లు. లోపల చిన్నాయన గోడకు ముఖం పెట్టుకుని పడుకుని ఉండేవాడు. మా అవ్వ సంగటి ముద్ద నోటి దగ్గర పెడితే ఒకపూట తినేవాడు, ఒకపూట ఆ ముద్దను చూసి ఏడ్చేవాడు.

ఇంతలో బడి నుంచి కబురొచ్చింది. సోమవారం వచ్చి చేరకపోతే ఆయన చోట్లో ఇంకొకరిని వేస్తారట. మా ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగం చూసినవాడు ఆయనొక్కడే. నాయన వెంటనే చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. "వానికి పానం బాగలేదురా పెద్దోడా, ఈ తూరికి ఇడిసిపెట్టు" అని అవ్వ బతిమాలింది. "గోడను సూస్తా పండుకుంటే బాగవుతాదామ్మా? నలుగుర్లో పడితే అదే సర్దుకుంటాది" అన్నాడు నాయన. ఆయనేమీ కఠినాత్ముడు కాదు. తమ్ముడు ఇక ఇంతేనేమో అన్న భయం ఆయన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

మా వైపు చెరుకు ఎదిగాక నాలుగైదు గడలను దగ్గరికి చేర్చి, వాటి ఆకులతోనే జడలా అల్లి కట్టేస్తారు. అలా జడ వేస్తే గాలికి పడవు. ఆ ఏడు ఇంట్లో ఈ గొడవతో జడ వేయడం ఆలస్యమైంది, గాలి ముందే వచ్చి తోటంతా పండబెట్టేసింది. సోమవారం పొద్దున అవ్వ కూలోళ్లను వెంటబెట్టుకుని తోటలోకి పోయింది. ఆ తోట గట్టు మీదనే నాయన చిన్నాయన జబ్బ పట్టుకుని రోడ్డుకు నడిపిస్తున్నాడు, నేనూ వెంట పోతున్నాను. మేము చూస్తుండగానే కూలోళ్లలో ఒకాయన పడిన గడను రెండు చేతులా పైకి గుంజాడు. అది మొదలు దగ్గర ఫట్టుమని విరిగింది.

"ఓరి నీ సేతులు పడిపోను! పడినదాన్ని అట్ల గుంజితే ఇరగదా? నాలుగు దినాలు దాని పాటికి దాన్ని ఇడిసిపెడితే తలకాయ అదే ఎత్తుతాది" అని అవ్వ అరిచింది.

చిన్నాయన ఆగిపోయాడు. ఇస్త్రీ చొక్కాతో అలాగే బురద గట్టు మీద కూర్చున్నాడు. "లెయ్ అబ్బోడా, బస్సొచ్చే పొద్దాయ" అని నాయన జబ్బ పట్టి లాగాడు. నాకేం తెలుసు, పక్కన చేరి, నిజంగా తెలుసుకుందామనే అడిగాను.

"చిన్నాయనా, నీకొచ్చింది బ్రేకా, కొలాప్సా?"

నాయన నన్ను కొట్టడానికి చెయ్యెత్తాడు. చిన్నాయన అడ్డం పెట్టాడు. "కొట్టొద్దన్నా. సరిగ్గానే అడిగింది" అన్నాడు. ఇంటికొచ్చాక ఆయన గొంతు విన్నది అదే మొదలు. "ఏ మాటో నాకూ తెలీదు పాపా. ఏదీ సరిపోలేదు" అన్నాడు నాతో. తర్వాత నాయన ముఖంలోకి చూసి, "అన్నా, ఈ పొద్దు నన్ను లేపొద్దు. లేపితే ఇరిగిపోతా" అన్నాడు.

నాయన చేయి వదిలేశాడు. కాసేపు రోడ్డు వైపు చూశాడు. ఆ తర్వాత పంచె ఎగదోపుకుని తనూ ఆ బురదలో తమ్ముడి పక్కన కూర్చుని, "సరే, కూసుందాంలే" అన్నాడు. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. నాయన అటు తల కూడా తిప్పలేదు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు భయం వేసి అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

దాంతో చిన్నాయన బాగయ్యాడని చెబితే వినడానికి బాగానే ఉంటుంది. కాలేదు. ఉద్యోగం పోయింది, పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. గొడ్లు చూసుకుంటూ, తోటలో జడలు వేస్తూ మాతోనే ఉండిపోయాడు. కొన్ని దినాలు మాట్లాడేవాడు, కొన్ని దినాలు గోడకు తిరిగి పడుకునేవాడు. ఇంగ్లీషు ముక్క ఆయన నోట మళ్లీ వినలేదు. చేతికొచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకున్నారని ఊరు ఊరంతా నాయన్ను ఆడిపోసుకుంది. ముసలితనంలో కూడా ఎవరైనా కదిలిస్తే నాయన ఒకటే చెప్పేవాడు: "ఆ పొద్దు బస్సెక్కించింటే ఉద్యోగం ఉండేది. నా తమ్ముడు ఉండేటోడు కాదు."

ఇప్పుడు మాటలకేం కరువు? పోయినేడు మా మనవరాలు తిరుపతిలో కోచింగు మధ్యలో ఆపేసి ఇంటికొచ్చి మంచం పట్టింది. మా కూతురు బర్నౌట్ అంటుంది, అల్లుడు కాదు ప్యానిక్ అటాక్ అంటాడు. పిల్ల లోపలుంటే వీళ్లిద్దరూ గది బయట నిలబడి వాదులాట! నాకు ఒళ్లు మండింది. "ఏదో ఒక పేరు పెట్టుకోండి, ముందు దారి వదలండి" అని లోపలికి పోయి, మోకాళ్లు వద్దంటున్నా ఆ పిల్ల పక్కన కింద కూర్చున్నాను. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. మా నాయన దగ్గర నేర్చుకున్నది ఆ కూర్చోవడం ఒక్కటే.

చాలాసేపటికి ఆ పిల్ల ఇటు తిరిగి, "అమ్మమ్మా, నువ్వేం అడగవా?" అంది.

"అడగను పాపా. నువ్వు లేసినప్పుడే లేద్దువు. నేను ఈడనే ఉండాను" అన్నాను.